జరగని శుభానికి పంచిన చిమ్మిలి

గుణదల, విజయవాడ
మంగళవారం

చిరంజీవి వెంకటరత్నానికి,

అన్నయ్య కోటేశ్వరరావు వ్రాయునది. మేమిక్కడ కులాసా, మీరక్కడ కులాసా అని తలుస్తాను అనే వాక్యంతో ఉత్తరం మొదలుపెట్టాలని ముప్పై అయిదేళ్ళు పిల్లలకు నేర్పినవాణ్ణి. ఈ రోజు అందులో రెండో సగం మాత్రమే వ్రాయగలుగుతున్నాను. మీరక్కడ కులాసా అని తలుస్తాను. కమలకు మోకాలి నొప్పి తగ్గిందా? పెద్దవాడి షుగరు అదుపులో ఉన్నదా? చూడిగేదె ఈనిందా? ఇవన్నీ నిజంగా తెలుసుకోవాలనే అడుగుతున్నాను. కోపంగా ఉన్నవాడు క్షేమం అడగకూడదనే నియమమేదీ లేదు. నా ఆరోగ్యం బాగానే ఉన్నది. బి.పి. మాత్రలు వేళకు వేసుకుంటున్నాను. నా గురించి దిగులు పెట్టుకోవద్దు.

ఫోను ఉండగా ఉత్తరం ఎందుకంటావేమో. మొన్న ఫోనులో నా రెండో వాక్యం పూర్తి కాకముందే "సిగ్నల్ లేదన్నయ్యా" అని పెట్టేశావు. పామర్రు సెంటర్లో నిలబడినవాడు సిగ్నల్ లేదంటే నమ్మేటంత అమాయకుణ్ణి కాను. ఉత్తరాన్ని అలా మధ్యలో తుంచడం కుదరదు. దీనిని కమల చేత పైకి చదివించుకో. నీవు చదువుకుంటే నీకు నచ్చని చోట్లు దాటేస్తావు. చిన్నప్పుడు నీ వాచకం కూడా అలాగే చదివేవాడివి.

మీ వదిన పోయిన తరువాత ఊరు విడిచి అమ్మాయి సుజాత ఇంటికి వచ్చి ఏడు నెలలయింది. మా అపార్టుమెంటు కొండ పక్కన. రాళ్ళు పగలంతా పుచ్చుకున్న ఎండను సాయంత్రం మా గోడల మీదికి తిరిగి వదులుతాయి. ఫ్యాను కింద కూర్చుంటే వేడిగాలిని విసనకర్రతో విసురుకున్నట్లు ఉంటుంది. పాలు ప్యాకెట్లలో వస్తాయి, వాటితో తోడుపెట్టిన పెరుగుకు రుచీ లేదు, గట్టిదనమూ లేదు. సుజాత వంట బాగానే చేస్తుంది, అందులో లోపం లేదు. పై అంతస్తులో ఉండే ఆయన లిఫ్టులో "ఏం చేసేవారు అంకుల్?" అని అడిగాడు. తెలుగు ఉపాధ్యాయుణ్ణి అన్నాను. "ఓ, నైస్" అన్నాడు. ఏడు నెలలుగా మా పరిచయం అక్కడే ఆగిపోయింది. వీధి చివర ఒక హోటలు బోర్డు మీద "లబించును" అని వ్రాసి ఉంటే, భకారం పెట్టాలని యజమానికి చెప్పాను. "తినేవాళ్ళకి ఒత్తులెందుకండీ మాస్టారూ" అన్నాడు. ఇటువంటి ఊరిలో ఉంటున్నాను.

అల్లుడికి ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషనులో షిఫ్టులు. వస్తాడు, తింటాడు, పడుకుంటాడు. సుజాతకు ఇంటిపని. ఇక నాకు మాట్లాడే మనిషి అంటూ ఉన్నది మధులిక ఒక్కతే. కాలేజీ నుంచి రాగానే "పద తాతయ్యా" అని ఏలూరు కాలువ గట్టు వైపు నడిపించేది. దారిపొడవునా బోర్డుల మీది తప్పులు లెక్కపెట్టేవాళ్ళం. నాకంటే ఒకటి రెండు ఎక్కువే పట్టేది.

ఆ పిల్ల తొమ్మిది రోజులు గది దాటి బయటికి రాలేదు. అందుకు కారణం నీవు.

నీవు సుజాతతో అన్న మాటలు నేను పక్కనే ఉండి విన్నాను. ఫోను స్పీకరులో ఉన్నది. "అమ్మాయ్, హారిక తాంబూలాలకి మీరు ముగ్గురూ రండి. పిల్లని మాత్రం తీసుకురాకండి. అడిగేవాళ్ళకి నేను సమాధానం చెప్పలేను." మీరు ముగ్గురూ రండి, పిల్లను తీసుకురాకండి. పెంపుడు కుక్క గురించి చెప్పినట్లు చెప్పావు. అది చాలదన్నట్లు పాలకేంద్రం దగ్గర, క్యానులు పట్టుకుని నిలబడినవాళ్ళందరి ముందు, "మా అన్నయ్య మనవరాలు ఆడపిల్లే కాదంటయ్యా, రిపోర్టులో మగపిల్లాడని వచ్చిందంట" అన్నావు. ఆ మాట సాయంత్రానికి నీ మనవరాలు హారిక చెవిన పడింది. ఆ పిల్ల అమాయకంగా మధుకు ఫోను చేసి, "వదినా, నువ్వు అబ్బాయివంట కదా, నిజమేనా?" అని అడిగి ఏడ్చింది. హారిక తప్పు లేదు. ఉన్న తప్పంతా పెద్దవాళ్ళది. అందులో నా వాటా కూడా ఉన్నది. రిపోర్టు సంగతి తమ్ముడివని నమ్మి నీకు చెప్పినది నేనే.

అసలు జరిగినది సరిగా చెబుతాను, విను.

నాలుగేళ్ళ కిందట హారికకు ఓణీల ఫంక్షన్ పెట్టావు. "మధుకి కూడా పదిహేను దాటిందిగా అన్నయ్యా, ఒకే షామియానా, ఒకే భోజనం, ఇద్దరికీ కానిచ్చేద్దాం. ఎప్పుడో రాబోయేదే కదా" అన్నావు. మధుకు అప్పటికి నెలసరి రాలేదని సుజాతకు తెలుసు, మీ వదినకు తెలుసు. వాళ్ళు నోరు విప్పబోతే, "ఊరు అడుగుతోంది, ఏం చెప్పమంటారు?" అని వాళ్ళ నోళ్ళు మూయించావు. కొత్త తాటాకు చాప మీద ఇద్దరినీ కూర్చోబెట్టారు. ఆడపిల్ల ఈడేరితే పంచే నువ్వుల చిమ్మిలి ఉండలు చేసి ఇంటింటికీ పంచారు. ఆహ్వానపత్రిక ఎవరు వ్రాశారు? నేనే వ్రాశాను. తిథి, వారం, నక్షత్రంతో సహా, ఒక్క అచ్చుతప్పు లేకుండా, జరగనిదానిని జరిగినట్లు వ్రాసి అచ్చు వేయించాను. మంచి పత్రిక అని అందరూ మెచ్చుకుంటే పొంగిపోయాను కూడా. ఆ రోజు మీ వదిన "మా చెల్లెలు సరోజినికి కూడా ఇలాగే ఆలస్యమయింది" అని ఒక్క మాట జారి, వెంటనే వంటింట్లోకి వెళ్ళిపోయింది. నేను పట్టించుకోలేదు.

చిమ్మిలి పంచిన తరువాత ఇక డాక్టరు దగ్గరికి ఎలా తీసుకువెళ్ళడం? అయిపోయిందని ఊరంతటికీ చెప్పుకున్నాం. అయిన పిల్లకు కాలేదని ఏ నోటితో చెప్పాలి? అలా నాలుగేళ్ళు గడిచాయి. చివరికి గజ్జలో చిన్న గడ్డలాంటిది కనబడితే, హెర్నియా అనుకుని ఇక్కడ చూపించాం. వాళ్ళు స్కానింగు చేసి, ఆడవాళ్ళ డాక్టరు దగ్గరికి పంపించారు. అల్లుడు షిఫ్టులో ఉంటే నేను వెంట వెళ్ళాను. బయట కూర్చుంటానంటే ఆవిడ లోపలికే రమ్మన్నది. "అమ్మాయికి మొదటిసారి ఎప్పుడయింది?" అని అడిగింది. సుజాత తల వంచుకున్నది. నేను, వెంకటరత్నం, పత్రికలో వ్రాసిన తేదీ చెప్పాను. పాఠం అప్పజెప్పినట్లు చెప్పాను.

మధు నా వైపు చూడకుండా, "అది ఫంక్షన్ తేదీ మేడమ్. నాకు ఎప్పుడూ కాలేదు" అన్నది.

డాక్టరమ్మ పెన్ను కింద పెట్టి, "ఎవరి కోసం చేశారండీ ఆ ఫంక్షన్?" అని అడిగింది. నా ఉద్యోగ జీవితంలో ఎందరినో బెంచీ ఎక్కించాను. అంతమంది పడిన అవమానం ఆ గదిలో నేనొక్కణ్ణే పడ్డాను.

ఇక రిపోర్టులో ఉన్నదేమిటో చెబుతాను. "మగపిల్లాడు" అన్న మాట అందులో ఎక్కడా లేదు. లేనిదానిని చదివే అలవాటు నీకు ఎప్పుడు వచ్చిందో నాకు తెలియదు. క్రోమోజోములు ఎక్స్, వై అని ఉన్నది. సాధారణంగా మగవారికి అలా ఉంటాయి, నిజమే. నేనూ అక్కడే ఆగిపోయి కంగారుపడ్డాను. ఇంటికి వచ్చాక మధు తన పుస్తకం తెరిచి, నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని పాఠం చెప్పింది.

"తాతయ్యా, మగ హార్మోను నా ఒంట్లో బోలెడంత తయారవుతోంది. కానీ హార్మోను ఒట్టి కబురు మాత్రమే. దానంతట అది ఏ పనీ చెయ్యదు."

"మరి పని చేసేదెవరు?"

"కణంలో రిసెప్టర్ అని ఒక ప్రొటీను ఉంటుంది. హార్మోను వచ్చి దాన్ని పట్టుకోవాలి. అప్పుడది ఆకారం మార్చుకుని, కణం నడిమధ్య ఉండే కేంద్రకంలోకి వెళ్ళి, డి.ఎన్.ఏ. మీద తనకి రాసిపెట్టిన చోట కూర్చుంటుంది. ఇంకొన్ని ప్రొటీన్లని సాయం పిలుచుకుంటుంది. అప్పుడు ఆ పక్కనున్న జన్యువు పని మొదలుపెడుతుంది. కొన్ని జన్యువులకి జోరు పెంచుతుంది, కొన్నిటికి తగ్గిస్తుంది. గడ్డం, మీసం, గొంతు, అన్నీ అలా వచ్చేవే. నా రిసెప్టరుకి ఆ కబురు అందుకోవడం రాదు. అంతే."

"అంతేనా?"

"అంతే తాతయ్యా. నువ్వు ఏడవకు, పుస్తకం తడుస్తుంది."

నీవు వ్యవసాయదారుడివి కనుక నీకు తెలిసిన మాటల్లో చెబుతాను. మన కాలువకు నీరు వదిలారనుకో. ఫలానా తూము ఎత్తండి, ఫలానా తూము దించండి అని పై నుంచి ఉత్తర్వు వచ్చింది. ఉత్తర్వు వచ్చినంత మాత్రాన నీ చేలోకి నీరు పారుతుందా? తూములు చూసే లస్కరు ఆ కాగితం అందుకోవాలి, తూము దగ్గరికి నడిచి వెళ్ళాలి, షట్టరు ఎత్తాలి. ఆ హార్మోను ఉత్తర్వు, ఈ రిసెప్టరు లస్కరు, జన్యువు తూము. మధు ఒంటిలో ఉత్తర్వులకు కరువు లేదు, తూములూ సరిగానే ఉన్నాయి. తల్లి కడుపులో ఉన్ననాటి నుంచీ ఆ లస్కరు ఒక్క ఉత్తర్వూ అందుకోలేదు. కనుక మగవాడిగా మలిచే తూములు తెరుచుకోనే లేదు. ఆ పిల్ల పుట్టుకతోనే ఆడపిల్లగా పుట్టింది, ఆడపిల్లగా పెరిగింది. వాడుక కాని హార్మోనులో కొంత ఆడ హార్మోనుగా మారుతుందట, అందువల్లే ఎదుగుదల చక్కగా వచ్చింది. గర్భసంచి ఏర్పడవద్దనే ఉత్తర్వు మాత్రం వేరే హార్మోనుది, దానికి వేరే లస్కరు. అతడు తన పని చేశాడు. అందుకే గర్భసంచి లేదు, నెలసరి రాలేదు, రాదు. పిల్లలు పుట్టరు. మిగిలిన జీవితానికి ఏ లోటూ లేదని, లోపల ఆ హార్మోను తయారుచేసే గ్రంథులను (గజ్జలో గడ్డలా కనబడినది వాటిలో ఒకటేనట) ఏమి చేయాలో అమ్మాయితో మాట్లాడి నిదానంగా నిర్ణయిద్దామని డాక్టరమ్మ చెప్పింది. ఇది రోగమా అని అడిగితే, "తేడా అనండి మాస్టారూ" అన్నది. మాటను సరిచేయడం నా వృత్తి. ఆవిడ నా మాటను సరిచేసింది, ఒప్పుకున్నాను.

ఇప్పుడు నీ భయం సంగతికి వస్తాను. హారిక సంబంధం చెడిపోతుందని కదా నీ గోల. ఇది అసలు మన వంశంలోనే లేదు. ఆ లస్కరును తయారుచేసే జన్యువు ఎక్స్ క్రోమోజోము మీద ఉంటుంది. తల్లికి రెండు ఎక్స్‌లు ఉంటాయి. ఒకదానిలో తేడా ఉన్నా రెండోది కాపాడుతుంది, ఆమెకు తెలియను కూడా తెలియదు. ఆ తేడా మీ వదిన నుంచి సుజాతకు, సుజాత నుంచి మధుకు వచ్చింది. నీ కొడుకులిద్దరూ కమల కడుపున పుట్టారు. హారికలో ఆ తేడా అణువంత కూడా లేదు. ఏమీ తెలుసుకోకుండా, నీకు సంబంధమే లేని దానికి భయపడి, పందొమ్మిదేళ్ళ పిల్లను పాలకేంద్రం దగ్గర నిలబెట్టి పంచనామా చేశావు.

డాక్టరమ్మ ఇంకొకటి అడిగింది. "అమ్మ వైపు నెలసరి రానివాళ్ళు, పిల్లలు పుట్టనివాళ్ళు ఎవరైనా ఉన్నారా?"

సుజాతే మెల్లగా, "మా పిన్ని" అన్నది.

నీకు గుర్తున్నదో లేదో. మీ వదిన చెల్లెలు, నీ మొదటి భార్య సరోజిని. అక్కాచెల్లెళ్ళను అన్నదమ్ములకు చేసుకున్నామని ఊరు ముచ్చటపడింది. ఆమె నీతో ఆరేళ్ళు కాపురం చేసింది. ఆమెకూ ఈడేరకముందే చిమ్మిలి పంచి పెళ్ళి చేశారని మనకు తరువాత తెలిసింది. మోసం చేశారని ఎగిరావు. పెద్దమనుషులను కూర్చోబెట్టావు. పరీక్ష చేయకుండా ఖాయంగా చెప్పలేనని డాక్టరమ్మ అన్నది, కానీ మేము చెప్పినదానిని బట్టి ఆమెదీ ఇదే కావచ్చునన్నది. అంటే ఆ అమ్మాయి ఎవరినీ మోసం చేయలేదు. తనలో ఏమున్నదో తనకే తెలియదు.

ఆ రోజు విడాకుల స్టాంపు కాగితం మీద "సదరు సరోజిని సంసారమునకు అర్హురాలు కానందున" అని వ్రాసినది ఎవరో నీకు తెలుసు. నీవు చెప్పావు, నేను వ్రాశాను. వ్రాసి, తరగతిలో చదివినట్లు నిలబడి పైకి చదివాను. మీ వదిన ఆ తరువాత ఏడాది పాటు నాతో అవసరానికి మించి మాట్లాడలేదు. ఎందుకో అడగాలని కూడా నాకు తోచలేదు.

పదో రోజున మధు గది తలుపు తీసి, "తాతయ్యా, నాలాంటివాళ్ళు మన ఇంట్లో ఇంకొకళ్ళున్నారుగా. నన్ను తీసుకెళ్ళు" అన్నది. మొన్న ఆదివారం ఇద్దరం బందరు బస్సు ఎక్కాం. బస్సు పామర్రు మీదుగానే వెళ్ళింది. దిగలేదు. బందరు నుంచి పెడన వెళ్ళాం.

సరోజిని అక్కడ బట్టల అద్దకం పని చేస్తుంది. పొడుగాటి బల్ల మీద గుడ్డ పరిచి, చెక్క అచ్చును రంగులో ముంచి, వరస తప్పకుండా కొడుతూ పోవాలి. అరవై ఆరేళ్ళ వయసులో ఇప్పటికీ నిలబడి చేస్తున్నది. నన్ను చూసి కొంగుతో చేతులు తుడుచుకుని, "రండి బావగారూ. అక్క పోయినప్పుడు కబురు ఆలస్యంగా తెలిసింది" అన్నది. ఆలస్యంగా తెలియడం కూడా మన నిర్వాకమే.

మధు తన సంగతి తానే చెప్పింది. లస్కరు, తూము, అంతా నా మాటల్లోనే చెప్పింది. సరోజిని చివరిదాకా విని, ఒకే ఒక్క ప్రశ్న అడిగింది.

"నీకు కూడా చిమ్మిలి తినిపించారా?"

"తినిపించారు చిన్నమ్మమ్మా."

"ఎన్ని ఉండలు?"

"మూడు. బాగున్నాయి కూడా."

"నాకు అయిదు పెట్టారే. కడుపునొప్పి వచ్చింది. అదుగో, అదేనేమోనని మా అమ్మ ఎంత సంబరపడిందో."

ఇద్దరూ నవ్వడం మొదలుపెట్టారు. అద్దకం బల్ల పట్టుకుని, ఊపిరి ఆడకుండా నవ్వారు. పక్క బల్లవాళ్ళు పని ఆపి చూశారు. నేను మాత్రం అక్కడ ఎటు చూడాలో తెలియక, ఆరేసిన బట్టల వైపు చూస్తూ నిలబడ్డాను.

నవ్వు తగ్గాక నా వైపు తిరిగి, "ఆ కాగితం మీరే చదివారు కదండీ బావగారూ. మీ గొంతు అప్పట్లో చాలా బాగుండేది" అన్నది. తిట్టి ఉంటే తేలికగా ఉండేది. తప్పయిపోయిందన్నాను. నా నోటి నుంచి ఆ మాట అంత చిన్నగా రావడం నాకే తెలిసింది. నీ తరఫున కూడా చెప్పబోయాను. చేత్తో ఆపింది. "ఆయనది ఆయన్నే చెప్పనివ్వండి. ఆ రోజు అందరి ముందూ అన్నారు, ఇప్పుడూ అందరి ముందే అనమనండి. ఇంటికొచ్చి చెవిలో చెబుతానంటే నాకొద్దు. ఆయన పిలిస్తే వస్తాను. మీరు పిలిస్తే రాను."

తిరుగు ప్రయాణంలో మధు, "హారిక తాంబూలాలకి నేను వెళ్తాను తాతయ్యా. చిన్నతాతయ్య పిలవకపోయినా వెళ్తాను. అది నా మరదలు" అన్నది. నిన్న కాలేజీకి వెళ్ళింది. పద తాతయ్యా అని సాయంత్రం ఇంకా అనలేదు. నేనూ అడగలేదు.

కనుక వచ్చే ఆదివారం మేము నలుగురం వస్తున్నాము. ముగ్గురం కాదు. నీ వియ్యంకులవారి ఎదుట మధు హారిక పక్కన కూర్చుంటుంది. ఎవరైనా అడిగితే నీవు తడబడనవసరం లేదు, ఈ ఉత్తరంలో ఉన్నది చెప్పు. చేతకాకపోతే ఆ పిల్లే చెబుతుంది, నీకంటే బాగా చెబుతుంది. పాలకేంద్రం దగ్గర అన్న మాటను శనివారం పొద్దున, అదే క్యానుల వరుసలో నిలబడి వెనక్కి తీసుకో. సరోజినిని పిలవడం నీ ఒక్కడి వల్లే అవుతుంది. ఆమె నంబరు హారికకు మధు పంపించింది. ఆ పాత కాగితం నా బీరువాలో అడుగు అరలో ఉన్నది, తాళంచెవి కమల దగ్గర ఉన్నది. తీసి సిద్ధంగా ఉంచమను. అది తప్పని అందరి ముందూ చదవవలసినవాణ్ణి నేను. నీవు ఆమెను పిలిచినా, పిలవకపోయినా నేను చదువుతాను. నీవు పిలిస్తే ఆమె ఎదుట చదువుతాను.

నా ఆరోగ్యం బాగానే ఉన్నది, మళ్ళీ చెబుతున్నాను. రావడానికి ఏ ఇబ్బందీ లేదు. కమలకు, పిల్లలకు, చిరంజీవి హారికకు నా ఆశీస్సులు. బజారులో పెద్దలు కనిపిస్తే నా నమస్కారాలు చెప్పు. ఉత్తరం చివర తమ్ముడికి ఆశీర్వచనం వ్రాయడం నా విధి. నీ పేరు వ్రాసి, దాని పక్కన చోటు ఖాళీగా వదిలాను. ఆదివారం నాడు సరోజిని మన గడప లోపల కూర్చుని ఉంటే, నా చేత్తోనే ఆ చోటు నింపుతాను.

ఇట్లు,
నీ అన్నయ్య
కోటేశ్వరరావు

చిరంజీవి వెంకటరత్నానికి: